చినతాత ఆఖరి రీలు

మొన్న పలాస వెళ్ళినప్పుడు మా పద్మ మనవరాలు లాస్య పట్టుబట్టి మమ్మల్నిద్దరినీ కాశీబుగ్గలో మ్యాట్నీకి లాక్కుపోయింది. పద్మ నా మేనత్త కూతురు. నాకంటే బాగా చిన్నదే గానీ, ఇప్పుడు ఇద్దరం మోకాళ్ళ నొప్పులవాళ్ళమే కాబట్టి ఆ తేడా పెద్దగా కనబడదు. సినిమాలో ఒక రౌడీ ఉన్నాడు. మొదటినుంచీ ఒక డాక్టరమ్మ వెంటపడతాడు, ఆమె కారు అద్దాలు పగలగొడతాడు, కుదిరిన పెళ్ళి చెడగొడతాడు. తీరా చివరికొచ్చేసరికి ఆ పెళ్ళికొడుకే అసలు దుర్మార్గుడనీ, రౌడీ అన్నాళ్ళూ ఆమెకి కాపలా కాశాడనీ తేలుతుంది. హాలంతా ఈలలు. లాస్య మాత్రం ఆటోలో మూతి ముడుచుకుని కూర్చుంది. "అంతసేపూ ఆడ్ని తిట్టుకున్నాను అమ్మమ్మా. లాస్ట్‌లో ఆడే మంచోడంటే నా తిట్లన్నీ ఏటి సేసుకోవాలి?" అంది. పద్మ పడీ పడీ నవ్వింది.

ఆటో జీడి బట్టీల పక్కగా వెళ్తోంది. జీడిపిక్కలు కాల్చే వాసన కొంచెం కమ్మగా, కొంచెం గొంతులో గుచ్చుకునేట్టుగా ఉంటుంది. పలాసలో ఉండేవాళ్ళకి అది తెలియనే తెలియదు. నాలాగా విశాఖపట్నంలో కాపురం వెళ్ళదీసి ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్ళకి మాత్రం ముక్కులో దూరి పాత సంగతులన్నీ కెలికి వదిలిపెడుతుంది. ఆ పూట నాకు మా మామ్మ గుర్తొచ్చింది, మా చినతాత గుర్తొచ్చాడు, ఇసకలో వేసిన ఒక సినిమా గుడారం గుర్తొచ్చింది. మా మామ్మ కూడా ఒకప్పుడు తన తిట్లన్నీ ఏం చేసుకోవాలో తెలియక తిప్పలు పడింది.

మా ఊరు పలాస నుంచి అక్కుపల్లి వైపు వెళ్ళే దారిలో, ఉద్దానం తోటల్లో ఉంది. అప్పట్లో ఊరంటే తోటలే. కొబ్బరి, పనస, జీడిమామిడి, ఆ చెట్ల మధ్య అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు. గాలి తిరిగినప్పుడు సముద్రం హోరు వంటింట్లోకి వినబడేది. మామ్మ పొద్దున్నే లేచి పొయ్యిలో కొబ్బరిపీచు కుక్కి ఊదేది. ఆ పొగ కళ్ళల్లో పడి మేం లేచేవాళ్ళం. చల్దన్నంలోకి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. జీడి రోజులొస్తే ఇల్లంతా ఒకటే పని. కాల్చిన పిక్కలు కొట్టేముందు మామ్మ మా అందరి చేతులకీ బూడిద పూసేది, పిక్క జిడ్డు తగిలితే తోలు ఊడిపోతుందని. అయినా ఎవరో ఒకరి వేలు పొక్కేది. "సెప్తే వినరు గదా" అని తిడుతూనే కొబ్బరినూనె రాసేది. మా మామ్మ చేతిలో తిట్టూ మందూ ఒకేసారి వచ్చేవి. ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా తిట్టు లేకుండా ఉత్త మందే ఇస్తారు, నాకు సగం వైద్యమే జరిగినట్టుంటుంది.

మా తోటకీ రోడ్డుకీ మధ్య చినతాత తోట ఉండేది. ఆయన మా తాతకి తమ్ముడు, పేరు అప్పన్న. మామ్మ కాపురానికొచ్చేసరికి ఆయన చిన్న పిల్లవాడట. తల్లి పోతే మామ్మే అన్నం తినిపించి, ఒళ్ళు రుద్ది, పెళ్ళి చేసి, పక్కనే ఇల్లు కట్టించింది. తాత పోయాక కూడా రెండిళ్ళూ ఒకటిగానే ఉండేవి. మా బళ్ళు ఆయన తోటలోంచే రోడ్డెక్కేవి. మా వైపు అది ఒకరు ఇచ్చేదీ కాదు, ఒకరు పుచ్చుకునేదీ కాదు, గాలీ వెలుతురూ ఉన్నట్టు దారి కూడా ఉండేది. అలాంటిది ఒకరోజు పొద్దున్న లేచి చూసేసరికి ఆ దారికి అడ్డంగా వెదురు తడక, తడక నిండా రేగుకంప, ముళ్ళ మొగలిమట్టలు. మా నాన్న వెళ్ళి అడిగితే చినతాత "నా తోట, నా ఇష్టం" అన్నాడట. నాన్న అరిచాడు, ఆయనా అరిచాడు. ఆ రోజునుంచి రెండిళ్ళకీ మాటల్లేవు.

దారి మూయడం ఒక ఎత్తు, ఎప్పుడు మూశాడన్నది ఒక ఎత్తు. మా సత్యవతి అత్తని టెక్కలి ఇచ్చారు. తొలిచూలు పురిటికి మా ఇంటికొచ్చి ఉంది. మంత్రసాని పొట్ట తడిమి చూసి మొహం అదోలా పెట్టింది. "పిల్ల అడ్డం తిరిగున్నట్టుందమ్మా. నొప్పులు మొదలవగానే పలాస ఆసుపత్రికి తోల్కెలిపోండి. ఇది నా సేతిలో పని కాదు" అని చెప్పి వెళ్ళిపోయింది. చినతాత తోటలోంచి వెళ్తే తిన్నగా రోడ్డు. అది లేకపోతే సముద్రం వైపు నుంచి ఇసకలో చుట్టు తిరగాలి. ఆ ఇసకలో బండి చక్రం ఇరుసుదాకా దిగిపోతుంది, ఎద్దులు నురగలు కక్కుతాయి. పురిటినొప్పుల మనిషిని అలా తీసుకెళ్తే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు. మామ్మ మాత్రం తడక కనబడినప్పుడల్లా ఇసక తీసి అటు విసిరేది. "ఆడు మనిసి కాడే. అన్న కూతురు కడుపుతో ఉంటే దారి మూసీనోడు మనిసేటి?" అనేది. అత్త వింటూ పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చునేది. ఆమె కళ్ళల్లో భయం నాకిప్పటికీ గుర్తుంది.

ఆ రోజుల్లోనే మా ఊరికి గుడారం సినిమా వచ్చింది. దీపాలు పెట్టే వేళకి అందరం చాపలు చంకన పెట్టుకుని బయల్దేరేవాళ్ళం. మధ్యలో ఒక మోకు కట్టి ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. విలన్ తెరమీదికి రాగానే గుప్పెడు ఇసక తీసి తెరమీద కొట్టడం మా ఊరి ఆచారం. గుడారం యజమాని పాపం చేతులు జోడించి "తెర సిరిగిపోద్ది బాబూ, నోటితో తిట్టండి" అని బతిమాలేవాడు. మందసలో కూడా ఆయనదే ఇంకో గుడారం. రెండింటికీ కలిపి సినిమా ఒకటే. అక్కడ ఆడిన రీలు సైకిలు మీద ఇక్కడికి, ఇక్కడ ఆడినది అక్కడికి. ఒక్కోసారి రీలు రావడం ఆలస్యమైతే అందరం అక్కడే కూర్చుని తెచ్చుకున్న అటుకులు తినేవాళ్ళం.

ఆ సినిమాలో భూషయ్య అని ఒక మోతుబరి. అన్న చచ్చిపోతే, అన్న కూతుర్ని జోరు వానలో ఇంట్లోంచి గెంటి తలుపేసుకుంటాడు. ఆ పిల్ల ఎక్కడ తలదాచుకుంటే అక్కడినుంచి తరిమిస్తాడు. ఆఖరి రీల్లో అసలు సంగతి బయటపడుతుంది. ఆస్తి కోసం ఆ పిల్లని చంపడానికి ఇంట్లోనే ఒకడు కాచుకుని ఉన్నాడు. చెప్తే నమ్మేవాళ్ళు లేరు. అందుకని భూషయ్య తానే పాపిష్టివాడై పిల్లని దూరంగా తరిమాడు. చివరికి ఆమె మీదికొచ్చిన కత్తికి తాను అడ్డం పడి, ఈ మాటలన్నీ చెప్పి ప్రాణం విడుస్తాడు.

కథ అదీ. కానీ మేం చూసిన వరస అది కాదు. ఆ సాయంత్రం రీళ్ళు తెచ్చే మనిషి సైకిలుతో సహా ఇసకలో పడ్డాడు. డబ్బాల మూతలూడి కలగాపులగమయ్యాయి. ఉప్పుగాలికి తుప్పుపట్టి వాటిమీద రాసిన నంబర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. మిషను నడిపేవాడు ఏది ముందో ఏది వెనకో చూసుకోకుండా ఆఖరి రీలుని ఇంటర్వెల్‌కి ముందు వేసేశాడు. అంటే మేం భూషయ్య కత్తిపోటు తిని, ఏడ్చి, నిజం చెప్పి చచ్చిపోవడం ముందు చూశాం. ఇంటర్వెల్ అయింది. అటుకులు తిన్నాం. మళ్ళీ దీపాలార్పేసరికి భూషయ్య శుభ్రంగా బతికి, మీసం మెలేసి, అన్న కూతుర్ని వానలోకి గెంటుతున్నాడు.

ఇంకో ఊరైతే గోల చేసి డబ్బులు వెనక్కిమ్మనేవారేమో. మా ఊరు అలా కాదు, డబ్బులిచ్చి చూశాం కాబట్టి దీంట్లో ఏదో అర్థం ఉండే తీరుతుందని నమ్మింది. మోకుకి అవతల మగవాళ్ళు "ఈడు కవల తమ్ముడురా" అని తేల్చారు. మా పక్కన కూర్చున్న బంగారమ్మ "దెయ్యమై ఒచ్చినాడే ఓలమ్మా" అని ముసుగేసుకుంది. మామ్మ ఆమె మోకాలి మీద ఒక్కటిచ్చింది. "నోరు ముయ్యే. దెయ్యమూ కాదు, తమ్ముడూ కాదు. ఆడే. మనసులో ఏడుపు మింగి పైకి కేకలేత్తన్నాడు. సూడు, ఆ కళ్ళు సూడు" అంది. ఇంకేముంది, ఆడవాళ్ళ వైపు అందరూ ఆ కళ్ళే చూశారు. భూషయ్య పిల్ల జుట్టు పట్టుకుని ఈడుస్తుంటే "పాపం, ఎంత బాద పడతన్నాడో" అని కొంగులు తడుపుకున్నారు. ఆ రోజు మోకుకి ఇటువైపు నుంచి తెరమీద ఒక్క ఇసక రేణువు పడలేదు.

మర్నాటికి రీళ్ళ వరస సరిదిద్దారు. గుడారం యజమాని భార్యకి మామ్మతో స్నేహం ఉండబట్టి నన్ను మళ్ళీ వెళ్ళనిచ్చారు. ఈసారి భూషయ్య మీసం మెలెయ్యగానే గుప్పెళ్ళ ఇసక లేచింది. తిట్లు మిషను చప్పుడు మించిపోయాయి. అదే మనిషి, అదే వాన, అదే కేక. నిన్న ఏడ్చిన చోటే ఇవాళ జనం శాపనార్థాలు పెడుతున్నారు. నేను రెంటికీ మధ్య కూర్చుని అయోమయంలో పడ్డాను. తర్వాత చాలాకాలం నూతి దగ్గర ఆడవాళ్ళు మొదటిరోజువాళ్ళూ రెండోరోజువాళ్ళూ అని రెండు జట్లైపోయారు. ఆడు ముందునుంచీ మంచోడే అని వీళ్ళు, మంచోడైతే ఆ పిల్లని అంత ఏడిపించడమేటని వాళ్ళు. బిందెలు నిండిపోయి నీళ్ళు కారిపోతున్నా తగువు తెమిలేది కాదు. పెద్దయ్యాక పుస్తకాల్లో ధర్మాధర్మాల గురించి చాలా చదివాను గానీ, ఆ నూతి గట్టు మీద విన్నంత గట్టి వాదన ఎక్కడా దొరకలేదు.

ఆ సినిమా మామ్మని మాత్రం వదల్లేదు. పిక్కలు కొడుతూ కొడుతూ ఆగిపోయి తడక వైపు చూసేది. ఒక పొద్దున్న ఉన్నట్టుండి "ఒలే, అప్పన్నది ఆఖరి రీలు మనం సూళ్ళేదేమోనే" అంది. నా చెయ్యి పట్టుకుని తోటలన్నీ చుట్టు తిరిగి చినతాత ఇంటి ముందుకి వెళ్ళింది. ఆయన పాతిన గునపానికి కొబ్బరికాయలు పొడిచి డొక్క ఒలుస్తున్నాడు. మమ్మల్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఒరే అప్పన్నా, నువ్వు దారి మూసినావంటే ఏదో కారణం ఉంటాది. సెప్పీరా. నాను ఎవుళ్ళకీ సెప్పను" అంది మామ్మ.

"కారణమేటి?"

"ఆ దారమ్మట పోతే సత్తికి గండమని ఎవుడైనా సెప్పినాడేటి? తాసుపాము గాని సూసినావా? మా మంచికే మూసినావు గదూ?"

చినతాత కాయ పక్కన పడేసి మామ్మని ఎగాదిగా చూశాడు. "నీకు జొరమేటైనా ఒచ్చినాదా ఒదినా?"

"కాదురా, ఆఖరి రీలు..."

"ఏ రీలు? నాను సినిమాలు సూణ్ణు" అన్నాడు. ఇంకో కాయ అందుకున్నవాడు కాస్తా ఆగి, గునపం వైపే చూస్తూ అన్నాడు. "పిక్కలేరించిన నాడు కూలోళ్ళందరి ముందరా నన్నేటన్నావు? నీ సీమిడి తుడిసి పెంచినాను, నువ్వా నాకు సెప్పేది అన్నావు. అందరూ నవ్వినారు. నా కోడలు కూడా మూతికి గుడ్డడ్డం పెట్టుకుని నవ్వినాది. నాకు మనవలున్నారు ఒదినా. ఆ రేత్రి అన్నం దిగనేదు. పొద్దున్న లేసి మూసీసినాను. అదీ నీ రీలు. గండమూ నేదు, పామూ నేదు."

మామ్మకి ఆ మాట అన్నట్టే గుర్తులేదు. మంచితనం వెతకడానికి వెళ్ళిన మనిషికి తన మొహమే ఎదురైంది. వస్తూ వస్తూ పనసచెట్టు కింద ఆగి "అన్నానేటే నాను?" అని నన్నే అడిగింది. కొంచెం దూరం నడిచి "సీమిడి తుడిసిన మాట అబద్దమేటి?" అని కోప్పడింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని చాలాసేపు కెలికింది. చినతాత చూసుకుంటున్న సినిమాలో మీసం మెలేసి కేకలేసింది తానేనని ఆమెకి తెలిసిపోయింది. అలాగని వెళ్ళి తప్పయిందని చెప్పలేదు. పెంచిన మరిదికి ఆ మాట చెప్పడం మామ్మకి చేతకాదు. ఆయనా తడక తీయలేదు. కడుపులో మాట బయటపెట్టినంత మాత్రాన కోపం తీరిపోవాలని ఎక్కడుంది?

అత్తకి నొప్పులు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. పొద్దున్న చల్దన్నాల వేళ. నాన్న పిక్కల బస్తాలు వేసుకుని బండి తోలుకుని అప్పటికే పలాస వెళ్ళిపోయాడు, సాయంత్రానికి గాని రాడు. ఇంట్లో అంతా ఆడవాళ్ళమే. అమ్మ వేడినీళ్ళు పెట్టి "బండీ నేదు, దారీ నేదు, ఏటి సేద్దుమత్తా?" అని ఏడుపు మొదలెట్టింది. మామ్మ తడక దగ్గరికి పరిగెత్తింది. నేనూ వెనకే పరిగెత్తాను. అక్కడ నిలబడి నోరు తెరిచింది. మూసుకుంది. మళ్ళీ తెరిచింది. మరిదిని మాత్రం పిలవలేదు. వెనకనుంచి అత్త కేక వినబడింది.

ఎవరూ పిలవకుండానే చినతాత కత్తి పట్టుకుని తోటలోంచి పరిగెత్తుకొచ్చాడు. తాళ్ళు టపటపా తెగ్గొట్టాడు. కర్రతో లాగే తీరిక లేక ఉత్త చేతుల్తోనే కంపంతా పీకి పక్కకి ఈడ్చాడు. మొగలిముళ్ళు గీసుకుని మోచేతులదాకా రక్తం. మామ్మ వైపు చూడనైనా లేదు. నన్ను చూసి అరిచాడు. "గుడ్లప్పగించి సూత్తావేటే? బేగెల్లి గడ్డి పరిపించు బండిలో! దుప్పట్లు తెమ్మను!" నిమిషాల మీద తన ఎద్దుల్ని కట్టాడు. అత్తనీ మామ్మనీ ఎక్కించుకుని, మూసేసిన ఆ దారినే బండి దౌడు తీయించాడు. నాకు కనబడినంత మేరా దుమ్మే.

దారిలో సంగతి మామ్మ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. ఆయన ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదట. ఎద్దులతో మాట్లాడాడు. అత్తతో మాట్లాడాడు. "ఓర్సుకో తల్లీ. అదిగో కాశీబుగ్గ ఒచ్చీసినాది. మా సత్తి గట్టిది, ఓర్సుకుంటాది" అంటూనే ఉన్నాడట, కాశీబుగ్గ ఎక్కడో ఉండగానే. ఆసుపత్రిలో కడుపు కోసి బిడ్డని తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరు చెప్పారు. మామ్మ బిడ్డని గుడ్డలో చుట్టి తెచ్చి చినతాత ముందు పట్టుకుంది. చేతులనిండా ముళ్ళున్నాయని ఆయన ఎత్తుకోలేదు. వంగి చూసి, "ముక్కు అచ్చం నీదే ఒదినా, బండముక్కు" అని వెళ్ళిపోయాడు. ఆ బండముక్కు పిల్లే మా పద్మ.

ఇక్కడితో కథ అయిపోతే అది సినిమా అయ్యేది. మర్నాడు పొద్దున్న అమ్మ వాకిట్లోకి వెళ్ళి కెవ్వుమంది. దారికి అడ్డంగా తడక మళ్ళీ లేచింది. కొత్త పీచుతాళ్ళు, అంతకు ముందుకంటే ఎక్కువ కంప. నాన్నకి పిచ్చెక్కినంత పనైంది. ఆ కోపంలో మా ఇంట్లో ఎవరూ దాని దగ్గరికైనా వెళ్ళలేదు. ప్రాణాలు కాపాడినవాడు మళ్ళీ దారెందుకు మూస్తాడు? మూసేవాడు నిన్న ఎందుకు తీశాడు? ఊళ్ళో మళ్ళీ రెండు జట్లు. నూతి దగ్గర మళ్ళీ బిందెలు పొర్లాయి.

అత్తనీ బిడ్డనీ తీసుకుని మామ్మ తిరిగొచ్చిన రోజు నాన్న కోపంగా బండిని ఇసకదారిన తోలబోయాడు. మామ్మ ఒప్పుకోలేదు. పచ్చి బాలింతని ఆ కుదుపుల్లో తేనని, రోడ్డు వైపున్న చినతాత గుమ్మం ముందునుంచే దర్జాగా తోలించింది. ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు, ఆపనూ లేదు. బండి తోటంతా దాటి ఈ తడక దగ్గరికొచ్చి ఆగింది. ఇటువైపు నేనూ అమ్మా ఎదురుచూస్తున్నాం. మా తోటల్లో ఎవరు తడక కట్టుకున్నా ముడి తమ తోట వైపే వేసుకుంటారు. అవతలివాడి చెయ్యి ముళ్ళలోంచి దూరదు కాబట్టి, విప్పే హక్కు ముడి ఉన్న వైపువాళ్ళదే. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. బండిని చూసిన సంబరంలో తడకని పట్టుకోబోయిన నాకు గుంజల దగ్గర తాళ్ళ ముడులు కనబడ్డాయి. అన్నీ మా వైపే ఉన్నాయి.

"మామ్మా! ముడి మన వైపుంది!" అని గట్టిగా అరిచాను.

"అరవకే దరిద్రపుగొట్టుదానా! ఆడికి వినపడితే మార్సి కట్టీగల్డు" అని తడక అవతలినుంచి పళ్ళు బిగించి అంది మామ్మ. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందో ఏడ్చిందో, బండంతా ఊగింది. అమ్మ ముడులు విప్పింది. బండి ఇటొచ్చింది. మామ్మ దిగి, వెనక్కి వెళ్ళి, తన చేత్తో తడక నిలబెట్టి, ఆయన వేసిన చోటే ముడి మళ్ళీ వేసింది.

ఆ తర్వాత ఏళ్ళతరబడి అదే తంతు. మాకు కావలసినప్పుడు విప్పేవాళ్ళం, దాటేవాళ్ళం, కట్టేసేవాళ్ళం. దారి తెరిచానని ఆయన ఎవరితోనూ అనలేదు, తెరిచాడని మామ్మా ఎవరికీ చెప్పలేదు. ఊరి దృష్టిలో వాళ్ళు చివరిదాకా శత్రువులే. నేను కాలేజీలో చదివేటప్పుడు ఒకసారి ధైర్యం చేసి చినతాతని అడిగాను, మళ్ళీ ఎందుకు కట్టావని. ఆయన నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "తీసేసి ఊరుకుంటే ఒదిన గెలిసినట్టు కాదేటే? పైగా మంచోడన్నారంటే ఊరి బళ్ళన్నీ నా తోటలోంచే తోల్తారు" అన్నాడు. మామ్మ రీలు గొడవ పెట్టుకుని వెళ్ళి ఉండకపోతే ఆయన ఆ రోజు కత్తి పట్టుకుని వచ్చేవాడా అని నేనిప్పటికీ ఆలోచిస్తుంటాను. వచ్చేవాడనే అనుకుంటాను. కానీ ముడి మాత్రం మా వైపు పడేది కాదు.

ఇప్పుడు ఆ రెండు తోటల మధ్యా సిమెంటు గోడ ఉంది. రెండు వైపులా తారురోడ్డు వచ్చింది, దారి కోసం ఎవరూ ఎవరి మొహం చూడనక్కర్లేదు. అది మంచిదే. ఆసుపత్రికి ఫోను చేస్తే బండి గుమ్మంలోకొస్తుంది, అదింకా మంచిది. పాతరోజులే బాగుండేవని నేననను, మా అత్త పడ్డ భయం చూసినదాన్ని. కానీ సెల్‌ఫోన్లో ఎవరిదో నిమిషం ముక్క చూసి వాడు పశువు, ఆవిడ దేవత అని జనం తేల్చేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది ఏ రీలో, ముందుదో వెనకదో ఎవరికి తెలుసు? ఆ సైకిలు మనిషి ఇసకలో పడ్డందుకు, మంచివాళ్ళుగా ఉండడం సరిగ్గా చేతకాని పెద్దవాళ్ళ మధ్య నేను పెరిగినందుకు, ఎవరికి చెప్పాలో తెలియదు గానీ, దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను.

ఆ సాయంత్రం పద్మ వాళ్ళ వరండాలో కూర్చుని ఇదంతా లాస్యకి చెప్పాను. పద్మ కత్తిపీట ముందు పనసకాయ కొడుతోంది, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని. లాస్య ఫోను పక్కన పెట్టి మొత్తం విని, నా మోకాలు పట్టుకుని ఊపింది. "అయితే ఆ తాత మంచోడా, సెడ్డోడా? ఒక్కటే సెప్పు." నేను పద్మ వైపు చూశాను.

"నువ్వు సెప్పమ్మమ్మా" అని పద్మ మీద పడింది.

పద్మ తలెత్తలేదు. పనసతొన నిలువునా చీలుస్తూ అంది.

"మంచో సెడ్డో నాకు తెల్దే తల్లీ. నానొచ్చిన దారి ఆయన్దే."